క్లిప్పు

నెత్తురు మరకకు వేడినీళ్లు పనికిరావు.
జిలీబ్‌ల లాండ్రీకి వచ్చిన మొదటి వారమే
మొయిదీన్ నేర్పిన సంగతి ఇది:
చల్లనీళ్లు, పిడికెడు ఉప్పు, జెర ఓపిక.
ఇస్త్రీ తగిలిందా, ఇగ అది బట్ట కాదు,
మరకే.

అప్పటికి నా ముక్కు మంచిగనే ఉండె.

మూడో ఎండకాలం. కువైట్ మొత్తం
దుమ్ముల మునిగిన పొద్దు
పెట్టె మీద వంగి కాలరు తీస్తున్న.
టప్పుమని ఒకటి.
చెమట అనుకున్న.
తెల్ల దిష్‌దాషా, రొమ్ము మీద,
గుండీ అసొంటి ఎర్ర చుక్క.
చెయ్యి ఆగలే, పెట్టె నడిచిపోయింది.

రెండు దినార్లు కోత.

మొయిదీన్‌కు ముక్కు మీద కోపం,
నాకు ముక్కు లోపల కష్టం.
పోశెట్టి ఉల్లిగడ్డ కోసి వాసన చూడుమన్నడు.
తల వెనుకకు వంచితే గొంతుల ఉప్పన,
ముందుకు వంచితే ఎవరిదో పెండ్లిబట్ట.
నడుమ నిలబడుడు నాకు రాలే.
ఒకనాడు నడిరాత్రి
బకెట్ల అడుగు కనపడకుండ కారితే
టాక్సీల ఒళ్లె తువ్వాల పెట్టుకొని
ఫర్వానియా దవాఖానకు పోయిన.

మొదలు వాత పెట్టిండ్రు.
పుల్ల కొసకు ఏదో వెండి మందు.
ఆ మాడు వాసన నాకు కొత్త కాదు,
పెట్టె మరిచిపోతే కాటన్ బట్ట
ఇట్లనే అంటది.
రెండుసార్లు కాల్చిండ్రు.
రెండుసార్లూ మళ్ల కారింది.
నెత్తురు జోలికి వేడి తేవద్దని
మొయిదీన్‌నన్నా అడగకపోతిరి!

తర్వాత గుడ్డ పీలిక కుక్కిండ్రు.
మూడోనాడు లిల్లమ్మ సిస్టర్ గుంజుతుంటే
వస్తనే ఉన్నది, వస్తనే ఉన్నది,
రుమాలు చుట్టంత.
నా తలకాయల ఇంత జాగ ఉన్నదా అనుకున్న.
కండ్లల్ల నీళ్లు,
సిస్టర్ వాటినీ తుడిచింది, అదే చేత్తోని.

ఈజిప్టు డాక్టర్, షెరీఫ్ అని,
మందుల చీటీ వెనుక బొమ్మ గీసిండు.
ముక్కు ముందట కాదట, వెనుకనట,
ఎముక చాటుకెళ్లి వస్తున్నదట నరం.
కెమెరా పంపి, తొవ్వ దొరికిచ్చుకొని,
దాని గొంతుకు క్లిప్పు పెడుతడట.
క్లిప్పంటే?
లిల్లమ్మ తన వచ్చీరాని హిందీల చెప్పింది:
నువ్వు తీగె మీద బట్టలకు పెడుతవు చూడు,
అదే. బియ్యపు నూక అంత.

ఆ దవాఖానల నాకు పూర్తిగ తెలిసిన మాట
అదొక్కటే.

"ఏర్పోర్టుల మోగుతదా?" అన్న.
గది గదంత నవ్వింది.
నేను నవ్వలే.
పోయే దినం ఒకటి వస్తది గదా,
ఆ దినం నన్నెవరూ ఆపొద్దు.

మత్తు ఇచ్చి లెక్క పెట్టుమన్నరు.
ఒకటి, రెండు, మూడు...
అన్నీ దిష్‌దాషాలే.
ఏడోది మడత పడ్డట్టు యాది.

లేచినంక ముందుగాల చూసింది దిండు.
తెల్లగ ఉండె.
కొద్దిసేపు దాన్నే చూసుకుంట పండుకున్న.

ఎనిమిది నెలలైంది. చుక్క లేదు.
అయినా పెట్టె ముందట నిలబడితే
మెడ దానంతట అదే వెనుకకు పోతది.
"నీకు అంత పొగరేందిరా" అన్నడు
అంగీల కోసం వచ్చిన ఒక డ్రైవరు.
ఏం చెప్పాలె.
తల మీదికెత్తి బతుకుడు
నాకు నెత్తురు నేర్పింది.

కోత పడ్డ దిష్‌దాషాలు ఐదు
మంచం కింద డబ్బల ఉన్నయి.
పైసలు కట్టిన, నావే.
మొన్న శుక్రవారం ఒకటి తొడుక్కున్న.
మరక ఇప్పుడు ఎర్రగ లేదు,
మాగిన చాయ్ రంగు.
పోశెట్టి తలుపు కాడికెళ్లి చూసి,
"గుండీ ఒకటి వేరే రంగుది కుట్టిండ్రేంది?"
అన్నడు.